అల్లర్ల తర్వాత నేపాల్ యాత్ర, ట్రెక్: గోదావరి జిల్లాల వాళ్ళకి సమగ్ర మార్గదర్శి

2025 సెప్టెంబర్ 4న నేపాల్ ప్రభుత్వం ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్ సహా 26 సోషల్ మీడియా వేదికల్ని ఆపేసింది. అవినీతి మీద అప్పటికే మండిపోతున్న కుర్రకారు 8న ఖాట్మండు వీధుల్లోకి వచ్చారు. ఆ ఒక్కరోజే 19 మంది చనిపోయారు. మర్నాడు ప్రధాని కె.పి. శర్మ ఓలీ రాజీనామా చేశారు. పార్లమెంటు, ప్రభుత్వ కార్యాలయాలుండే సింహదర్బార్, సుప్రీంకోర్టు తగలబడ్డాయి, త్రిభువన్ విమానాశ్రయం మూతపడింది. ముక్తినాథ్, మానస సరోవరం యాత్రలకని వెళ్ళిన మన తెలుగువాళ్ళు ఖాట్మండు, పోఖరా, సిమికోట్ లాంటి చోట్ల ఇరుక్కుపోయారు. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక విమానం పెట్టించి సెప్టెంబర్ 11న చాలామందిని విశాఖపట్నం, తిరుపతి చేర్చింది. 12న సుశీలా కర్కి తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేశారు, ఎన్నికలకు 2026 మార్చి 5 తేదీ ప్రకటించారు.

అప్పటి నుంచి మన కోనసీమలో, భీమవరం, నరసాపురం వైపు కూడా ఒకటే ప్రశ్న: ఇప్పుడు వెళ్ళొచ్చా? ట్రెక్‌కి డబ్బులు కూడబెట్టుకున్న కుర్రాళ్ళు అడుగుతున్నారు, ముక్తినాథ్ మొక్కు ఉన్న పెద్దవాళ్ళూ అడుగుతున్నారు. వెళ్ళొచ్చనే నా అభిప్రాయం. నేపాల్ కొండ ఊళ్ళలో వేలాది కుటుంబాలు యాత్రికుల మీదే బతుకుతున్నాయి, మనం వెళ్తేనే వాళ్ళ పొయ్యి వెలుగుతుంది. కాకపోతే అల్లర్లు చూసిన దేశానికి ప్రయాణం కట్టే పద్ధతి వేరు. మామూలుగా మనం వెళ్ళే దారి చూసుకుని టికెట్ కొంటాం. ఇక్కడ తిరిగొచ్చే దారి ముందు చూసుకుని, అది కుదిరాకే వెళ్ళే టికెట్ కొనాలి. కింద చెప్పేవన్నీ ఆ పద్ధతిలోనే ఉంటాయి.

1. తేదీ ఖాయం చేసేముందు వార్తలు చదివే పద్ధతి

"నేపాల్‌లో గొడవలు" అని టీవీలో వస్తే ఎక్కడ, ఎందుకు, ఎవరి మధ్య అని చూడాలి. నేపాల్‌లో కర్ఫ్యూ ఉత్తర్వులు ఇచ్చేది జిల్లా పరిపాలన కార్యాలయం. అందుకని అది తరచుగా ఒక జిల్లాకో, ఖాట్మండు రింగ్‌రోడ్డు లోపలికో పరిమితమై ఉంటుంది. న్యూ బానేశ్వర్, మైతీఘర్, సింహదర్బార్ చుట్టుపక్కల గొడవ జరుగుతున్నప్పుడు ఎవరెస్ట్ దారిలోని నామ్చే బజార్‌లో టీ హౌస్‌లు (ట్రెకర్లు దిగే చిన్న బసలు) ఎప్పటిలాగే నడుస్తూ ఉండొచ్చు. అలాగని ఖుషీ పడిపోకూడదు, ఎందుకంటే నామ్చే నుంచి ఇంటికి రావాలంటే ఆ ఖాట్మండు మీదుగానే రావాలి.

ఖాట్మండులోని భారత రాయబార కార్యాలయం ప్రకటనలు, మన విదేశాంగ శాఖ సూచనలు, 'కాఠ్‌మండూ పోస్ట్' లాంటి అక్కడి ఇంగ్లిష్ దినపత్రిక, ఈ మూడూ ప్రయాణానికి నెల ముందు నుంచి చూస్తూ ఉండండి. ఎన్నికల ప్రచారం, ఓట్ల లెక్కింపు, కొత్త ప్రభుత్వం ఏర్పడే రోజులు, ఏటా అల్లర్లు గుర్తుకొచ్చే సెప్టెంబర్ 8, 9 తేదీలు, పెద్ద పార్టీలు పిలుపిచ్చిన బంద్ రోజులు ఖాట్మండులో గడపకుండా ప్లాన్ వేసుకోవచ్చు. దసరా, తిహార్ (వాళ్ళ దీపావళి) పండగల్లో గొడవలేమీ లేకపోయినా బస్సు, విమానం టికెట్లు దొరకవు. అల్లర్ల తర్వాత దారి మార్చుకోవాల్సి వస్తే అది పెద్ద ఇబ్బందే.

ట్రెక్‌కి అక్టోబర్, నవంబర్, మళ్ళీ మార్చి నుంచి మే దాకా మంచి కాలం. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు వానలు, కొండచరియలు. 2024 జులైలో సిమల్తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలోకి కొట్టుకుపోయాయి. నా లెక్కలో నేపాల్‌లో యాత్రికుడికి గుంపుల కంటే రోడ్డు, ఎత్తు ఎక్కువ ప్రమాదం. రాజకీయ వార్తలు చూసి ఆ రెండింటినీ మర్చిపోకండి.

2. తిరుగు దారులు మూడు రాసుకోండి

మొదటిది విమానం. రాజమండ్రి మధురపూడి నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి ఖాట్మండు. తిరుగు టికెట్ తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి. రెండు వేల రూపాయలు ఎక్కువైనా పరవాలేదు. ట్రెక్ ముగిసే రోజుకీ విమానం రోజుకీ మధ్య కనీసం రెండు ఖాళీ రోజులు పెట్టుకోండి. ఎవరెస్ట్ ట్రెక్ మొదలయ్యే లుక్లాకి వెళ్ళే విమానాలు వాతావరణం బాగోక ఆగిపోవడం మామూలే. రద్దీ సీజన్‌లో అవి ఖాట్మండు నుంచి కాకుండా మంథలి నుంచి ఎగురుతాయి, దానికి రాత్రికి రాత్రి కారులో నాలుగైదు గంటల ప్రయాణం.

రెండోది నేల దారి. పోఖరా వైపు ఉన్నవాళ్ళకి సునౌలీ సరిహద్దు అనుకూలం. అది దాటి గోరఖ్‌పూర్ చేరితే విజయవాడ మీదుగా వెళ్ళే రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ దొరుకుతుంది. అది రోజూ ఉండదు, కాబట్టి ఏ రోజుల్లో ఉందో కాగితం మీద రాసుకోండి. విజయవాడ దిగితే ఇక మన ఇల్లే. ఖాట్మండు నుంచి దగ్గరది బీర్‌గంజ్–రక్సౌల్. పడమటి నేపాల్‌లో ఉంటే నేపాల్‌గంజ్–రూపైడీహా, తూర్పున ఉంటే కాకర్‌భిట్టా–పానీటంకీ. సెప్టెంబర్ అల్లర్లలో సరిహద్దులో రాకపోకలు బిగించినా, గుర్తింపు చూపించిన భారతీయుల్ని మన వైపు రానిచ్చారు. అయితే పశుపతినాథ్ దర్శనం చేసుకుని తిరిగొస్తున్న యాత్రికుల బస్సు మీద దారిలో రాళ్ళు పడ్డాయి, సామాన్లు దోచుకున్నారు. గొడవ నడుస్తుండగా రోడ్డెక్కడం కంటే ఉన్నచోట రెండు రోజులు ఆగడమే మేలు.

మూడో దారి అదే, కదలకుండా ఉండటం. దానికీ ఏర్పాటు కావాలి: అదనంగా మందులు, నాలుగు రోజుల తిండికీ గదికీ నగదు, ఫోన్‌కి పవర్ బ్యాంక్. షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు యాత్ర పది రోజులైతే ఇరవై రోజులకు తెచ్చుకోవాలి. సగం చేతి సంచిలో, సగం పెద్ద బ్యాగులో. ఇన్సులిన్ వాడేవాళ్ళు గడ్డకట్టే చలి నుంచి దాన్ని కాపాడుకోవాలి, రాత్రిపూట ఒంటికి దగ్గరగా పెట్టుకోండి.

3. కాగితాలు, డబ్బు

నేపాల్‌కి మనకి వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్ళాలంటే పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. మామూలు వయసు వాళ్ళు ఆధార్ ఒక్కటే పట్టుకుని బయల్దేరితే ఎయిర్‌పోర్టులోనే ఆగిపోతారు. పాస్‌పోర్టు ఉంటే అదే తీసుకెళ్ళండి. సిమ్ కొనడానికి, పర్మిట్లకి, కర్ఫ్యూలో చెక్‌పోస్టు దగ్గర చూపించడానికి అన్నిటికీ అది పనికొస్తుంది. నకళ్ళు రెండు సెట్లు తీయించి ఒకటి తోటివాళ్ళ బ్యాగులో పెట్టండి.

ఒక భారత రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు, ఇది స్థిర మారకం. పెద్ద నోట్ల విషయంలో అక్కడ నిబంధనలు ఇబ్బందిగా ఉంటూ వచ్చాయి, కాబట్టి వంద నోట్లు పట్టుకెళ్ళడమే సుఖం. చాలా దుకాణాల్లో క్యూఆర్ కోడ్‌తో మన యూపీఐ పనిచేస్తోంది. దాన్నే నమ్ముకోకండి. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మీద అల్లర్లు రేగి ఇంటర్నెట్ ఆపేస్తే, ఇంటి నుంచి పనిచేసే మన పిల్లలు సిగ్నల్ కోసం గోదావరి గట్ల మీదకి పోయి కూర్చున్నారు. సొంత ఊళ్ళోనే అలా అయింది కదా! పరాయి దేశంలో నెట్ పోతే జేబులో నోటే దిక్కు.

ట్రెక్ పర్మిట్లలో మనలాంటి సార్క్ (దక్షిణాసియా) దేశాల వాళ్ళకి తక్కువ రుసుము ఉంది. అన్నపూర్ణ ప్రాంతానికి వెయ్యి నేపాలీ రూపాయలు, ఎవరెస్ట్ ఉన్న సాగర్‌మాతా నేషనల్ పార్కుకి 1,500, ఇతర దేశాల వాళ్ళకి ఈ రెండూ మూడు వేలు. ఏజెంటు మన దగ్గర విదేశీ రేటు వసూలు చేస్తుంటే రసీదు అడగండి. 2023 ఏప్రిల్ 1 నుంచి విదేశీ ట్రెకర్లకి లైసెన్సు ఉన్న గైడ్ ఉండాలన్న నిబంధన వచ్చింది. నిబంధన లేకపోయినా గైడ్‌ని పెట్టుకోమనే చెబుతాను. ఏ రోడ్డు మూశారో, ఏ ఊరు ప్రశాంతంగా ఉందో మీ ఫోన్ కంటే ముందు అతనికి తెలుస్తుంది.

ఇన్సూరెన్స్ పాలసీ కొనేటప్పుడు మూడు విషయాలు కాగితం మీద చూసుకోండి: ఎన్ని మీటర్ల ఎత్తు వరకు ట్రెక్కింగ్‌కి వర్తిస్తుంది, హెలికాప్టర్ రక్షణ ఖర్చు ఇస్తారా, అల్లర్లూ సమ్మెల వల్ల యాత్ర ఆగితే ఇస్తారా. చాలా పాలసీలు అప్పటికే బయటపడిన గొడవకి డబ్బు ఇవ్వవు, కాబట్టి టికెట్ కొన్న రోజే పాలసీ కూడా కొనాలి. హెలికాప్టర్ పిలిచే ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి ఒప్పించుకోవాలి. అక్కర్లేకపోయినా హెలికాప్టర్ ఎక్కించి బిల్లులు వేసిన మోసాలు 2018లో బయటపడ్డాయి, అందుకే కంపెనీలు గట్టిగా అడుగుతాయి.

4. ఇంటి దగ్గర ఒక మనిషి

ప్రతి గుంపుకీ ఊళ్ళో ఒక బాధ్యుడు ఉండాలి. బావమరిది కావచ్చు, పెదనాన్నగారి అబ్బాయి కావచ్చు, కంగారు పడకుండా ఫోన్ ఎత్తే మనిషి ముఖ్యం. అతని దగ్గర అందరి పాస్‌పోర్టు నకళ్ళు, రోజువారీ బస, గైడ్ నంబరు, ఇన్సూరెన్స్ నంబరు, రక్తం గ్రూపులు ఉండాలి. పదిమంది పదిచోట్లకి ఫోన్లు చేస్తే అధికారులకి లెక్క తేలదు. ఒకే మనిషి ఒకే జాబితా ఇస్తే ఏపీఎన్‌ఆర్‌టీఎస్ (ప్రవాసాంధ్రుల కోసం ఉన్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ళకీ, ఢిల్లీ ఏపీ భవన్ వాళ్ళకీ పని సులువవుతుంది.

అతనితో ముందే ఒక మాట అనుకోండి: "కొండ మీద సిగ్నల్ ఉండదు బావా, రెండు రోజులు ఫోన్ రాకపోతే కంగారు పడకు. మూడో రోజు రాత్రికి కూడా రాకపోతే గైడ్ ఆఫీసుకి చెయ్యి, అక్కడా దొరక్కపోతే ఎంబసీకి చెయ్యి." ఈ గడువు ముందే చెప్పకపోతే అమ్మ మొదటి రాత్రే ఏడుపు మొదలెడుతుంది.

అక్కడ దిగగానే నేపాల్ టెలికాం గానీ ఎన్‌సెల్ గానీ సిమ్ తీసుకోండి. మారుమూల కొండల్లో నేపాల్ టెలికాం మెరుగు. సెప్టెంబర్‌లో ఆపేసిన వాటిలో వాట్సాప్ కూడా ఉందని గుర్తుంచుకుని, మామూలు కాల్, ఎస్సెమ్మెస్ చేసేందుకు బ్యాలెన్స్ ఉంచుకోండి. నేపాల్‌లో పోలీసు 100, అంబులెన్సు 102, టూరిస్ట్ పోలీసు 1144. ఖాట్మండు ఎంబసీ లైన్‌చౌర్‌లో ఉంది. దాని అత్యవసర నంబర్లు బయల్దేరే ముందు రోజు అధికారిక వెబ్‌సైట్ నుంచి చిన్న చీటీ మీద రాసుకోండి. మ్యాప్‌లు ఆఫ్‌లైన్‌లో దింపుకోండి.

5. లంక నేల మీద ఒళ్ళు, హిమాలయం ఎత్తు

మనం సముద్రమట్టానికి నాలుగడుగులు పైన పుట్టి పెరిగినవాళ్ళం. లుక్లా 2,860 మీటర్లు, నామ్చే 3,440, ఎవరెస్ట్ బేస్ క్యాంప్ 5,364, అన్నపూర్ణ బేస్ క్యాంప్ 4,130. ఇక్కడ ఎంత పరిగెత్తినా ఆ ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడదు. కాళ్ళకీ గుండెకీ దమ్ము వస్తుంది, అంతే. అదీ అవసరమే. మూడు నెలల ముందు నుంచి ఏటిగట్టు మీద రోజూ గంట నడవండి. కొండ లేని చోట మెట్లే కొండ: అన్నవరం రత్నగిరి మెట్లు, కోరుకొండ నరసింహస్వామి మెట్లు వారానికోసారి భుజాన ఐదారు కేజీల సంచితో ఎక్కి దిగండి. మోకాళ్ళని దెబ్బతీసేది దిగడమే, కాబట్టి దిగడం కూడా అభ్యాసం చేయండి. కొత్త బూట్లు ఇక్కడే అరగదీయాలి.

మూడు వేల మీటర్లు దాటాక ఒక రాత్రికీ తర్వాతి రాత్రికీ పడుకునే ఎత్తులో తేడా 500 మీటర్లకు మించకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో రెండో రాత్రి ఉండాలి. ఎవరెస్ట్ దారిలో నామ్చేలోనూ, 4,410 మీటర్ల దింగ్బోచేలోనూ ఆగేది అందుకే. అల్లర్ల మూలంగా రెండు రోజులు ఖాట్మండులో పోయాయని, ఆ రెండు రోజుల్ని ఈ విశ్రాంతి రోజుల్లోంచి కోసుకుంటారు కొందరు. దయచేసి ఆ పని చేయకండి. రోజులు తగ్గితే గమ్యం తగ్గించుకోండి. బేస్ క్యాంప్ బదులు తెంగ్బోచే వరకు వెళ్ళి వెనక్కి రండి, లేదా పోఖరా వైపున్న 3,210 మీటర్ల పూన్ హిల్ చూసి రండి. అక్కడి నుంచి కనపడే ధవళగిరి, అన్నపూర్ణ జీవితాంతం గుర్తుంటాయి.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం ఎత్తు జబ్బు మొదటి గుర్తులు. అవి ఉండగా పైకి ఒక్క అడుగు వేయకూడదు. మనిషి తూలుతుంటే, గీత మీద మడమకి వేళ్ళు ఆనిస్తూ నడవలేకపోతే, మాట తడబడితే అది మెదడు వాపు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గులో నురుగు వచ్చినా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. అర్ధరాత్రైనా కిందికి దించాలి. తెల్లారేదాకా చూద్దామంటే ప్రాణం పోవచ్చు. ఎత్తు జబ్బు రాకుండా డయామాక్స్ మాత్ర ముందుజాగ్రత్తగా వాడతారు, సల్ఫా మందులు పడనివాళ్ళు ఇక్కడే డాక్టర్‌ని అడగాలి. మాత్ర వేసుకున్నాం కదా అని వేగం పెంచకూడదు.

6. ముక్తినాథ్ వెళ్ళే పెద్దవాళ్ళ సంగతి

దీన్ని విడిగా చెప్పాలి. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి, సాలగ్రామ క్షేత్రం అని మన వైష్ణవ కుటుంబాలు ఏళ్ళ తరబడి ఎదురుచూసి వెళ్తాయి. వంటవాళ్ళతో సహా బస్సు కట్టి తీసుకెళ్ళే ట్రావెల్స్ మన ప్రతి పట్నంలో ఉన్నాయి. ట్రెక్ కాదు కదా, జీపులో వెళ్ళొస్తాం అనుకుంటారు. అసలు చిక్కు ఆ జీపులోనే ఉంది. పోఖరా సుమారు 800 మీటర్ల ఎత్తు, ముక్తినాథ్ గుడి దాదాపు 3,800. పొద్దున్న బయల్దేరి సాయంత్రానికి మూడు వేల మీటర్లు ఎక్కించేస్తే అరవై ఐదేళ్ళ మనిషి ఒళ్ళు తట్టుకోదు.

డబ్బు కట్టేముందు ట్రావెల్స్ ఆయన్ని ఇలా అడగండి: "ఏవండీ, ముక్తినాథ్ ఒక్క రోజులోనే తీసుకెళ్ళిపోతారా, మధ్యలో ఎక్కడైనా పడుకోబెడతారా అండి? దర్శనం అయ్యాక పైనే ఉంచుతారా, కిందికి దించేస్తారా?" మధ్యలో మార్ఫా గానీ జోమ్‌సోమ్ గానీ ఉంచి, అవి 2,700 మీటర్ల దగ్గర ఉంటాయి కాబట్టి, మర్నాడు పొద్దున్నే దర్శనం చేయించి సాయంత్రానికి మళ్ళీ అక్కడికే దించే ఏర్పాటైతే మంచిది. జోమ్‌సోమ్ విమానాలు పొద్దుటి పూటే తిరుగుతాయి, తర్వాత గాలి పెరిగిపోతుంది. ఆ విమానం రద్దయితే రోడ్డు దారికి ఇంకో రోజు ఉందా అని కూడా అడగండి.

గుడి వెనక 108 ధారలు ఉన్నాయి. మంచు కరిగిన నీళ్ళు. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు ఆ ధారల కింద పరిగెత్తకుండా తల మీద నీళ్ళు చల్లుకుంటే చాలు. అత్తయ్యగారు వినకపోతే డాక్టర్ చేతే ముందుగా చెప్పించండి.

7. ఖాట్మండులో బస, రోడ్డు మీద నడవడిక

గది ప్రభుత్వ భవనాలకీ, పార్టీ కార్యాలయాలకీ దూరంగా చూసుకోండి. రెండో మూడో అంతస్తు నయం. సెప్టెంబర్‌లో ఖాట్మండు హిల్టన్‌ని తగలబెట్టారు, మరో హోటల్‌కి నిప్పు పెట్టినప్పుడు పై అంతస్తు నుంచి తప్పించుకోబోయి ఒక భారతీయ యాత్రికురాలు చనిపోయారు. కాబట్టి గదిలోకి వెళ్ళగానే వెనక మెట్లెక్కడున్నాయో నడిచి చూసి రండి. థమేల్‌లోనో, బౌద్ధనాథ్ స్తూపం చుట్టుపక్కలో చిన్న హోటళ్ళు చాలు.

ఆ రోజుల్లో జైళ్ళ నుంచి 13 వేల మందికి పైగా ఖైదీలు తప్పించుకున్నారు. చాలామంది తిరిగి పట్టుబడినా, రాత్రి తొమ్మిది దాటాక నిర్మానుష్యమైన సందుల్లో తిరగకండి. రాత్రి బస్సు ఎక్కకండి, ఇది గొడవల కోసమే కాదు, ఆ ఘాట్ రోడ్ల కోసం కూడా. ఊరేగింపు కనిపిస్తే ఫోన్ తీసి వీడియో తీయకండి. నేపాల్ రాజకీయాల గురించి, భారత్–నేపాల్ సంబంధాల గురించి టీ కొట్టు దగ్గర అభిప్రాయాలు చెప్పకండి. అక్కడి వాళ్ళు చెబితే వినండి, వాళ్ళ పిల్లలు పోయిన దుఃఖం అది.

8. గొడవ మొదలైతే

పట్నంలో ఉంటే హోటల్లోకి వచ్చేయండి, గేటు వైపు కిటికీకి దూరంగా ఉండండి. నీళ్ళు, తిండి ఒక రోజుకి తెచ్చిపెట్టుకోండి. ఎంబసీకి పేరు, పాస్‌పోర్టు నంబరు, చోటు చెప్పి నమోదు చేయించుకోండి. విమానం ఉన్నవాళ్ళు ఎయిర్‌లైన్స్ నుంచి విమానం నడుస్తోందని తెలిశాకే కదలాలి. కర్ఫ్యూలో పాస్‌పోర్టు, టికెట్ కాగితం మీద ఉంటే చెక్‌పోస్టు దగ్గర చూపించడం సులువు. హోటల్ వాళ్ళని, టూరిస్ట్ పోలీసుని అడిగి వాహనం పెట్టించుకోండి.

దారి మధ్యలో ఉంటే ముందున్న ఊళ్ళోనే ఆగిపోండి. టైర్లు తగలబెట్టిన చోటికి డ్రైవర్ని తొందరపెట్టకండి. కొండ మీద ఉంటే నిదానం. టీ హౌస్‌లో పప్పన్నం దొరుకుతుంది, చోటు భద్రం. గైడ్‌ని అడిగి నడక తగ్గించుకోవడమో, ఒకట్రెండు రోజులు ఆగడమో చేయండి. ఎవరైనా "హెలికాప్టర్ పిలుస్తాను, అందరం కలిసి డబ్బులు వేసుకుందాం" అంటే ఎంబసీతో మాట్లాడాకే ఒప్పుకోండి.

గుంపుని విడగొట్టకండి. జబ్బు పడ్డవాళ్ళని దించాల్సి వస్తే మాత్రం తోడుగా ఒకరు, గైడ్ లేదా పోర్టర్ ఒకరు తప్పనిసరి.

9. దేశం దాటాక

సరిహద్దు దాటగానే, లేదా విమానం ఢిల్లీలో దిగగానే, మీ పేరు నమోదు చేయించిన ప్రతి చోటుకీ వచ్చేశామని చెప్పండి. ఎంబసీ జాబితాలో, ఏపీఎన్‌ఆర్‌టీఎస్ జాబితాలో మీ పేరు అలాగే ఉండిపోతే, ఇంకా అక్కడే ఉన్న మనిషి కోసం వెచ్చించాల్సిన సమయం మీ కోసం వెతకడానికి పోతుంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి రద్దయిన టికెట్, హోటల్ అదనపు బిల్లులు, డాక్టర్ చీటీలు, ఎయిర్‌లైన్స్ పంపిన మెసేజ్‌లు ఒక కవర్లో పెట్టి, పాలసీలో రాసిన గడువులోపు పంపండి. కొండ మీద ఆయాసం, తలనొప్పి వచ్చినవాళ్ళు దిగాక తగ్గిపోయినా ఒకసారి డాక్టర్‌కి చూపించుకుని, ఏ ఎత్తులో ఏమైందో రాయించి ఉంచుకోండి. మళ్ళీ వెళ్ళేటప్పుడు ఆ చీటీ చూసే మీ రోజులు ఎన్ని కావాలో లెక్క వేసుకోవాలి.